వంత రాని డబ్బా

పొద్దున్నే రోజారాణి నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి, గిన్నె పట్టుకుని వచ్చి అత్తగారి మంచం పక్కన కూర్చుంది. కమలవ్వ అప్పటికే లేచి, వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, చాయ్ తాగి, చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఇన్ని పనులు చేసిన మనిషికి మోకాళ్ల నొప్పి ఎక్కడిదని అడిగేవాళ్లు మాత్రం ఆ ఇంట్లో లేరు. అడగాల్సిన కొడుకు సుకుమార్, పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము దగ్గరికి పోయే తొందరలో చొక్కా గుండీలు ఒక వరస తప్పించి పెట్టుకుంటున్నాడు.

“ఎండ మస్తు గొడ్తున్నది అత్తమ్మా. ఆలూర్ల మేడ మీద ప్రోగ్రామట, మెట్లు ఎక్కాల్నట. నీ మోకాళ్లతోని ఏడ ఎక్కుతవ్? నేను ఒక్కదాన్నే పోయొస్త,” అంది రోజారాణి, తల ఎత్తకుండా నూనె రాస్తూ.

“పోయిరా బిడ్డా,” అంది కమలవ్వ. చాటలోంచి ఇంకో రాయి ఏరి పారేసింది.

అతి వినయం ధూర్త లక్షణమని పెద్దలు ఊరికే అనలేదు. రోజారాణి ధూర్తురాలు కాదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. కానీ లోపల తప్పు పెట్టుకున్న మనిషి చేతులకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. పది రోజులుగా ఆమె అత్తగారి చాయ్‌లో చక్కెర ఒక చెంచా ఎక్కువ వేస్తోంది. అడగకముందే జొన్నరొట్టె వేడివేడిగా తెచ్చి పెడుతోంది. అత్త కళ్లలోకి చూడటం ఒక్కటే మానేసింది.

ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో ఈ అత్తాకోడళ్ల పాట విననివాళ్లు తక్కువ. కమలవ్వ వయసులో ఉన్నప్పుడు పసుపు కల్లాల్లో కూలికి పోయి, పొడుగు కొమ్ము ఒక కుప్ప, గుండ్రటి మండ ఒక కుప్ప ఏరుతూ వంత పాడేది. ముందు ఒకామె చరణం పాడితే, వెనుకవాళ్లు దాన్ని తిరిగి పాడటమే వంత. నలభై ఏళ్లూ ఆమె వంతే పాడింది, ముందు నిలబడి ఎన్నడూ గొంతెత్తలేదు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో, అంట్లు తోముకుంటూ ఏదో రాగం తీస్తుంటే విన్నది. అంతే, తనకు వచ్చిన నలుగు పాటలు, అప్పగింత పాటలు అన్నీ కూర్చోబెట్టి నేర్పింది. కోడల్ని ముందు నిలబెట్టి తాను వెనుక నిలబడింది. అత్తాకోడళ్లు ఒకే మైకు దగ్గర కొట్లాడుకోకుండా నిలబడటం చూడటానికే సగం జనం వస్తారని డోలక్ వాయించే గంగాదాస్ వేళాకోళం చేసేవాడు.

కాలం మారి పెళ్లిళ్లలో హల్దీ ఫంక్షన్ల సందడి వచ్చాక వీళ్ల పాటకు మళ్లీ గిరాకీ పెరిగింది. అదే సమయానికి కమలవ్వ ఊపిరితిత్తులు మొండికేశాయి. పసుపు దుమ్ము అన్నేళ్లు పీల్చిన ఛాతీ అది. దవాఖానలో గాలి పీల్చే మందు ఇచ్చి, దుమ్ముకు దూరంగా ఉండమన్నారు. పది రోజుల కిందట కమ్మర్‌పల్లి పెళ్లిలో వంత సగంలో ఉండగా ఆమెకు దగ్గు తెర వచ్చింది. మైకు ఆ దగ్గును ఊరంతా వినిపించింది. ఫంక్షన్లు కుదిర్చే ఉమారాణి రోజారాణిని పందిరి పక్కకు పిలిచి, పెద్దామెను ఇక తీసుకురావద్దని, పెళ్లివాళ్లు నారాజ్ అవుతున్నారని చెప్పింది. ఇప్పుడు ఒక్క గొంతును రెండు చేసే మిషన్లు వచ్చాయని కూడా ఆమే చెప్పింది. రోజారాణి ఒక్క మాట ఎదురాడలేదు. సరేనన్నది.

ఇంటికొచ్చి అత్తతో సగం నిజం చెప్పింది. ఆరుబయట పందిళ్లలో గొంతు ఉత్తగా పోతోందని, మైకుకూ స్పీకరుకూ మధ్య పెట్టే డబ్బా ఒకటి దొరుకుతుందని, దాంతో గొంతు నిండుగా వినిపిస్తుందని అన్నది. మిగతా సగం మింగేసింది. వస్తువు కొనేటప్పుడు నాలుగు చెవులుండాలని కమలవ్వ తానే చీర మార్చుకుని నిజామాబాద్ బస్సెక్కింది. వద్దనడానికి కోడలికి నోరు రాలేదు.

పెద్ద కంపెనీల డబ్బాలు ముప్పై వేల పైమాటే అని ఫోన్‌లో ముందే చూసుకున్నారు కాబట్టి వాటి వంక తొంగి చూడలేదు. తమకు అందే ధరలో షాపాయన మూడు తీసి పెట్టాడు. మొదటిది చవక, ఎకో తప్ప ఇంకేమీ లేదు. రోజారాణి ఒక లైను పాడగానే మాట మీద మాట పడి గుడగుడలాడింది. బాయిలోకి వంగి ఒర్రినట్టుందని కమలవ్వ పెదవి విరిచింది. రెండోది శ్రుతి తప్పితే సరిచేసే రకం. పాడి చూస్తే నలుగు పాటలో ఉన్న జారులు, వంపులు అన్నీ సాపుగా అయిపోయాయి.

“పాటకు ఇస్త్రీ చేస్తున్నదేంది గిది?” అని అడిగింది కమలవ్వ. షాపాయన నవ్వలేక నవ్వాడు.

మూడోది పన్నెండు వేలు. శ్రుతి సరిచేసేదాన్ని ఆపుకోవచ్చు. ఎకో సన్నగా, మాట చెడకుండా పలికింది. ఇది నయమని కమలవ్వ తల ఊపుతుండగానే షాపాయన ఇంకో గుండీ నొక్కి మళ్లీ పాడమన్నాడు. రోజారాణి పాడింది. ఆమె గొంతు పక్కనే ఇంకో ఆడగొంతు లేచి, ఆమెతో సమంగా, కాస్త కింది స్థాయిలో కలిసి నడిచింది. దగ్గు లేదు, ఆయాసం లేదు.

ఇంక వెనుక పాడేవాళ్లతో పని లేదని షాపాయన మురిసిపోతూ చెప్పాడు. కమలవ్వ ఆ డబ్బా వంక చూసి నవ్వబోయింది. తర్వాత కొంగు సర్దుకుని, “గిదే తీస్కో బిడ్డా,” అన్నది. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆమె వంకాయల ధర గురించి మాట్లాడింది. రోజారాణి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

అలా వచ్చిన డబ్బా మీద సాధన చేయాలి కదా. చేస్తే అత్త వినాలి, అత్త వింటే ఆ రెండో గొంతు వినాలి. అందుకని అత్త ఇంట్లో ఉండగా రోజారాణి ఆ గుండీ జోలికి పోలేదు. ఒకసారి కమలవ్వ కిరాణా కొట్టుకు పోయినప్పుడు తలుపు వేసుకుని ఒకే ఒక్క లైను పాడి చూసుకుంది. బాగానే ఉంది. గేటు చప్పుడు కాగానే స్విచ్ కట్టేసి చీపురు అందుకుంది. దొంగతనంగా నేర్చిన విద్య ఎంతవరకు అక్కరకు వస్తుందో ఆలూర్‌లో తేలింది.

ఆలూర్‌లో మేడా లేదు, మెట్లూ లేవు. ఇంటి ముందు నేల మీదే పచ్చని పందిరి వేశారు. పదింటికి పెళ్లికూతురిని పీట మీద కూర్చోబెట్టారు. రోజారాణి డబ్బాను కాళ్ల దగ్గర పెట్టుకుని బొటనవేలితో గుండీ నొక్కి పాట ఎత్తుకుంది.

“పచ్చని పందిట్ల పసుపు దంచిరమ్మా,
దంచినా చేతులకు గాజులే అందమమ్మా...”

రెండు గొంతులు ఒక్కసారిగా లేచేసరికి జనం తిరిగి చూశారు. ఉమారాణి దూరం నుంచి బొటనవేలు ఎత్తి చూపించింది. రెండు లైన్లు పూర్తయ్యాయి. ఇక వంత రావాలి. అలవాటు ప్రకారం రోజారాణి ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

డబ్బా కూడా ఆగింది. అది ఆమె పాడితేనే పాడుతుంది, ఆమె నోరు మూస్తే తానూ మూస్తుంది. పందిట్లో డోలక్ ఒక్కటే మోగుతోంది. గంగాదాస్ ఎప్పుడూ కమలవ్వ నిలబడే చోటు వైపు చూసి, అక్కడ ఎవరూ లేకపోయేసరికి రోజారాణి మొహం వైపు చూశాడు. ఆమె గబగబా అందుకుని వంత కూడా తానే పాడింది. పాడి, ఊపిరి తీసుకోకుండా మళ్లీ చరణం పాడింది.

నలుగు పాట రెండు చరణాలతో అయిపోయేది కాదు. పసుపు పెట్టడానికి ఎంతమంది బంధువులు వస్తే అన్ని చరణాలు. వచ్చినామె పేరూ వరసా చరణంలో రావాలి, ఆ మాట వింటూ ఆమె పెళ్లికూతురి చెంపలకు పసుపు రాయాలి. ఆ పేర్లన్నీ తనకెలా తెలుస్తున్నాయో రోజారాణి ఇన్నేళ్లలో ఒక్కనాడూ ఆలోచించలేదు. కమలవ్వ గంట ముందే పెళ్లింటికి పోయి, వంట దగ్గరి ఆడవాళ్లతో ముచ్చట పెట్టి, ఎవరు ఎవరికి ఏమవుతారో కనుక్కుని గుర్తుపెట్టుకునేది. వంత చివర, రాబోయే మనిషి పేరు కలిపి అందించేది. కోడలు ఆ పేరు పట్టుకుని దర్జాగా చరణం ఎత్తుకునేది.

ఇప్పుడు వెనుక నుంచి ఏ పేరూ అందలేదు. ముందు కూర్చున్నవాళ్లను సైగలతో అడుగుతూ, చిన్నమ్మను అత్తగా, అత్తను వదినగా మార్చేస్తూ పద్నాలుగు చరణాలు లాక్కొచ్చింది. గొంతు పిడచకట్టుకుపోయింది. వరస అయిపోయిందనుకుని మంగళహారతి ఎత్తుకుంది. జనం లేచి నిలబడ్డారు.

అప్పుడు చూసింది. పీట పక్కన ఒకామె అరచేతిలో పసుపు ముద్దతో ఇంకా కూర్చునే ఉంది. ఏర్గట్ల నుంచి వచ్చిన రాధాబాయి, పెళ్లికూతురికి సొంత పెద్దమ్మ. తన పేరు ఎప్పుడు వస్తుందా అని చూస్తూ ఉండిపోయింది. హారతి మొదలైతే నలుగు ముగిసినట్టే కాబట్టి ఇక తనకు చోటు లేదని అర్థమై, పసుపును పళ్లెం అంచుకు తుడిచి మెల్లగా లేచింది. ఎవరో అయ్యో అంటే, ఏం కాదులే అని నవ్వడానికి చూసింది.

ఆ మొహం రోజారాణికి తెలుసు. నిజామాబాద్ షాపులో డబ్బా వంక చూసినప్పుడు అత్త మొహం కూడా అచ్చం అలాగే ఉంది.

ఇంటికొచ్చేసరికి రెండయింది. కమలవ్వ తలుపు తీసి ఎట్లయిందని అడిగింది. మంచిగనే అయిందని రోజారాణి చెప్పింది గానీ, ఆ ముక్క చెప్పడానికే గొంతు రెండు చోట్ల తెగింది. కమలవ్వ లోపలికి పోయి గోరువెచ్చని నీళ్లలో ఉప్పు కలిపి తెచ్చి పుక్కిలించమంది. అప్పుడే సుకుమార్ తలనుంచి కాళ్లదాకా పసుపు దుమ్ముతో అన్నానికి వచ్చాడు. పాపం, అతనికి ఏ సంగతీ తెలియదు.

“డబ్బా మంచిగ పాడిందట గదా, ఉమారాణి ఫోన్ల చెప్పింది,” అన్నాడు సంబరంగా. “ఇంక నీకు ఫికర్ లేదవ్వా. ఇంట్ల సల్లగ కూసొని రొట్టె తిను.”

రోజారాణి చేతిలోని గ్లాసు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. సుకుమార్ కంగారుపడి ఒకసారి తల్లినీ ఒకసారి పెళ్లాన్నీ చూశాడు.

“నిన్ను తీస్కపోవద్దనే కొన్న అత్తమ్మా గా డబ్బను,” అంది. “ఉమారాణి వద్దన్నది, నేను సరే అన్న. గాడ మెట్లు లేవు. కిందనే పందిరి ఏసిండ్రు.”

“నాకెర్కనే,” అంది కమలవ్వ. “షాపాయన గుండీ ఒత్తినప్పుడే ఎర్కైంది.”

“మరి గదే తీస్కొమ్మని ఎందుకన్నవ్?”

“మూడిట్ల గదే మంచిగుండె. మంచిదాన్ని మంచిగ లేదని చెప్పాల్నా?”

సుకుమార్ ఏదో అనబోతే తల్లి చెయ్యెత్తి ఆపింది. ఇన్నాళ్లూ లోపల కుక్కుకున్నది అప్పుడు బయటికి వచ్చింది. గొంతు పెంచలేదు, పెంచేంత దమ్ము ఆమెకు లేదు కూడా.

“నాకు ఊపిరి సాలుతలేదని నాకు తెల్వదా రోజా? అత్తమ్మా, ఇంక సాలు అని నువ్వు నా ముంగట అంటే, ఒక దినం ఏడుస్తుంటి. రెండో దినం నేనే నీ చీర మడత పెట్టి తోలిస్తుంటి. నువ్వు చెప్పకపోతివి. నొయ్యని మోకాలికి పది దినాలు నూనె రాస్తివి. నేను నొస్తున్నదన్నట్టే రాపిచ్చుకుంటి. గా నూనె రాసినప్పుడల్లా నాకు పాణం పోయినట్టయింది.”

రోజారాణి కింద కూలబడి అత్త పాదాల మీద తల పెట్టింది. కమలవ్వ కాళ్లు వెనక్కి తీసుకోలేదు, అలాగని వెంటనే తల నిమరనూ లేదు. సుకుమార్ గోడకు ఆనుకుని చొక్కా మీది పసుపు దులుపుకున్నాడు.

కొంచెం తేరుకున్నాక రోజారాణి పందిట్లో జరిగింది పూసగుచ్చినట్టు చెప్పింది. డబ్బా ఊపిరి దగ్గర ఆగిపోయిన సంగతి విని కమలవ్వ నవ్వాపుకోలేకపోయింది. రాధాబాయి సంగతికి వచ్చేసరికి ఆ నవ్వు పోయి నిటారుగా కూర్చుంది.

“సొంత పెద్దమ్మ పసుపు పెట్టకుంట లేచిందా? గిది ముందుగాల చెప్పాలె గదనే. రేపు పొద్దుగాల పెండ్లి. ఇయ్యాల గాక ఇంకెప్పుడు పెడ్తది? లే, మొకం కడుక్కో.”

“నా గొంతు పోయింది అత్తమ్మా. చరణం ఎత్తుకోలేను.”

అన్నాక రోజారాణి ఒక్క క్షణం ఆగి అత్త మొహంలోకి చూసింది. పది రోజుల తర్వాత నేరుగా చూడటం అదే.

“నువ్వు ముందు పాడు. నేను వంత పాడుత. వంతకు గీ గొంతు సాలు.”

కమలవ్వ భయపడింది. నలభై ఏళ్లలో ముందు పాడింది లేదు, ఇప్పుడీ వయసులో నలుగురి ముందూ దగ్గు వస్తే నవ్వులపాలవుతానంది. దమ్ము ఆగినచోట ఆగమని, ఎంతసేపైనా తాను ఆగుతానని రోజారాణి అన్నది. సుకుమార్ పసుపు బస్తాలు వేసే ట్రాలీ ఆటోను కడిగి, చాప పరిచి, డబ్బా కూడా పెట్టమంటారా అని అడిగాడు. ఒక్క చరణానికి అదెందుకని కమలవ్వ వద్దన్నది. అలాగని దాన్ని అటక మీద పడేయాల్సిన పని లేదని, ఆ రెండో గొంతు గుండీ ఒత్తకుంటే మంచి డబ్బానే అని కూడా అన్నది. గంగాదాస్‌ను దారిలో ఎక్కించుకున్నారు. కమలవ్వను చూడగానే అతను డోలక్‌ను ఒళ్లోకి తీసుకుని తాళ్లు బిగించడం మొదలుపెట్టాడు.

ఆలూర్ చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. పందిరి కింద రేపటి ఏర్పాట్లు చూస్తున్న ఉమారాణి, ఆటో దిగుతున్న కమలవ్వను చూసి మొహం చిట్లించింది. రోజారాణి నేరుగా ఆమె దగ్గరికి నడిచింది.

“మా అత్తమ్మ లేకుంట నేను ఏ ప్రోగ్రామ్‌కు రానక్కా. నీకు నడిస్తే పిలువు, లేకుంటే లేదు,” అంది, ఉన్న గొంతంతా కూడగట్టుకుని.

ఉమారాణి చూద్దాంలే అని ఫోన్ చెవికి పెట్టుకుంది. ఆ చూద్దాం ఎటు పోతుందో రోజారాణికి తెలియదు. తెలియకపోయినా ఆ పూటకు గుండె తేలికపడింది.

పెళ్లికూతురి తల్లికి సంగతి చెప్పగానే ఆమె మారుమాట్లాడకుండా పీట వేయించింది. అక్కకు మొహం చూపించలేక పొద్దుటి నుంచీ ఆమె కూడా తప్పించుకు తిరుగుతోంది. వంటింట్లో ఒక మూల చిక్కుడుకాయలు గిల్లుతున్న రాధాబాయిని చెయ్యి పట్టి తీసుకొచ్చారు. ఇప్పుడెందుకమ్మా అంటూనే ఆమె పసుపు ముద్ద చేతిలోకి తీసుకుంది. మైకు లేదు. పదిమంది ఆడవాళ్లు చుట్టూ చేరారు.

కమలవ్వ ముందు నిలబడింది. రోజారాణి ఆమె వెనుకకు వెళ్లింది. ఎప్పుడూ నిలబడని చోటు అది. అక్కడి నుంచి అత్త మొహం కనిపించదు, మెడా భుజాలూ మాత్రమే కనిపిస్తాయి. ఆ భుజాలు పైకి లేస్తే ఊపిరి తీసుకుంటోందని, కిందికి దిగితే పాట రాబోతోందని అక్కడ నిలబడితే తప్ప తెలియదు. ఇన్నేళ్లూ అత్త ఇలాగే తన భుజాలను చూస్తూ నిలబడిందని రోజారాణికి అప్పుడే తోచింది.

“ఏర్గట్ల పెద్దమ్మ రాధాబాయొచ్చెనమ్మా,
బిడ్డ చెంపల మీద...”

అక్కడ కమలవ్వకు ఊపిరి అందలేదు. గంగాదాస్ డోలక్ మీద చెయ్యి తేలిక చేసి చిన్నగా దరువు నడిపించాడు. రోజారాణి తొందరపడలేదు. ముందున్న భుజాలు ఒకసారి లేచాయి, దిగాయి. మళ్లీ లేచాయి.

“...పసుపు పూసెనమ్మా.”

రాధాబాయి రెండు చేతులతో పెళ్లికూతురి చెంపలు నిమిరింది. పిల్ల కళ్లు మూసుకుంది. ఇక వంత రావాలి. రోజారాణి నోరు తెరిచింది గానీ, ఏడుపు అడ్డం పడి మాట రాలేదు. డోలక్ ఒక ఆవర్తం ఉత్తగా తిరిగింది.

కమలవ్వ వెనక్కి తిరిగి చూడలేదు. ఆ ఆఖరి మాటనే మళ్లీ ఒకసారి మెల్లగా పాడింది. ఇంకోసారి కూడా పాడి, కోడలికి ఊపిరి అందేదాకా ఆగింది. అప్పుడు రోజారాణి అందుకుంది.